నాలుగోది

కూతురిని మట్టిచేసిన వారానికే పెద్దక్క చెప్పుల కార్ఖానాకు తిరిగి వచ్చింది. రాకపోతే పొయ్యిలో పిల్లి లేవదు. కిటికీలు మూసిన జిగురు గదిలో, ఘాటుకు కళ్లు మండుతున్నా, అరిటాకంత అట్టల మీద వంచిన తల ఎత్తకుండా కుంచె లాగుతోంది. తలెత్తితే పక్కనున్న ఖాళీ పీట కనబడుతుంది. కూతురు, తన చిన్నది, అక్కడే కూర్చునేది.

మధ్యాహ్నం ఆరోగ్య శాఖ నుంచి లెక్కల మేడం వచ్చింది. కిందటేడూ వచ్చిందావిడ. ఊళ్లోని జిగురు గదుల్లో అప్పటికి ముగ్గురికి, ఒంట్లో రక్తం ఊరని జబ్బు చేసింది. ఇంతమందిలో మామూలుగా ఒకరికి వస్తే రావచ్చు. ముగ్గురికి రావడం జిగురు వల్లా, యాదృచ్ఛికమా అని ఆవిడ లెక్క కట్టింది.

"నాణెం ఎగరేస్తే వరసగా నాలుగుసార్లూ బొమ్మే పడొచ్చమ్మా. అంతమాత్రాన దొంగ నాణెం అనలేం. ఇంకొన్నాళ్లు చూడాలి" అంది అప్పట్లో.

ఆ ఒక్క మాట యజమానికి కొండంత అండ అయింది. పెద్దక్కకూ ధైర్యమిచ్చింది. ఆ ముగ్గురిలో ఈ గదిలో పనిచేస్తూ చచ్చిపోయిన మనిషి పీట ఖాళీగా ఉంటే, నీడపట్టున పని కదా అని చిన్నదాన్ని తనే చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది.

ఇవాళ మేడం ఆమె పక్కనే నేల మీద చతికిలబడింది. "అమ్మా, నాలుగోది కూడా కలిశాక లెక్క తేలింది. ఇది ఊరికే కలిసొచ్చింది కాదు. వందలో రెండుసార్లు కూడా ఇలా జరగదు."

"నాలుగోదంటే... మా చిన్నదేనా?"

మేడం తల దించుకుంది.

"మరి ముగ్గురప్పుడు తెలీలేదా?"

"అనుమానం ఉంది. ఖాయంగా చెప్పలేకపోయాను."

"అనుమానం ఉన్న పాలు పిల్లకి పడతామా మేడం?"

ఆవిడ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా పెద్దక్కకు రాలేదు. చిన్నదాన్ని తెచ్చిన చెయ్యి తనది.

అంతలో మేస్త్రీ వచ్చాడు. వెనకాల ఎదురింటి కొత్త కోడలు, కొంగు నడుముకు దోపుకుని నిలబడింది.

"అయ్యగారు వేరేవాళ్లతో మళ్లీ లెక్క కట్టిస్తారంట. ఆర్నెల్లు పడుతుంది. అందాకా పని ఆగకూడదన్నారు. ఏమ్మా, ఆ పీట మీద కూర్చో."

పెద్దక్క లేచింది. పీట తీసి చంకన పెట్టుకుంది.

"ఇది ఇవ్వను."

"పీట నీ సొత్తా? పనిలోంచి తీసేస్తా జాగ్రత్త!"

"తీసెయ్యి. మీ లెక్కలోకి ఇంకో ఆడపిల్లని నేను రానివ్వను." కొత్త కోడలి వైపు తిరిగింది. "ఇంటికి పో అమ్మా. మీ అత్తకి నేను చెప్పుకుంటా."

ఆ పిల్ల కదలలేదు. మేస్త్రీ వంకా, పెద్దక్క వంకా మార్చి మార్చి చూసింది. గదిలో ఇంకెవరూ లేవలేదు. కానీ ఒక్కరి కుంచె కూడా ఆడటం లేదు.