ఐలవ్వ శిగం

ఐలవ్వకు మొదటిసారి శిగం వచ్చింది, అంటే అమ్మవారు ఒంటి మీదికి వచ్చింది, భర్త గట్టయ్య చనిపోయిన ఏడాది, గోదావరిఖనిలో వాళ్ల కాలనీ పోచమ్మ బోనాల్లో. గనిలో పైకప్పు కూలి అతని మీద పడింది. శవం బయటికి వచ్చేదాకా ఆమె బొగ్గుబాయి ముందర కూర్చుని, కనబడ్డ ప్రతివాణ్నీ బతిమాలుతూనే ఉంది. "లైటు ఆర్పకుండ్రి. మనిషి లోపటనే ఉన్నడు."

తర్వాత కొన్నాళ్లకు ఆమెకు ల్యాంపు రూములో పని ఇచ్చారు. లోపలికి దిగే కార్మికులకు టోపీ దీపాలు అందించే పని.

ఏటా శ్రావణంలో డప్పు అందుకోగానే ఆమె జుట్టు విరబోసుకుని, వేపకొమ్మ పట్టుకుని ఊగేది. అమ్మవారు మాట చెప్పేముందు ఆ నోట, బాయి ముందర అన్న ఆ రెండు ముక్కలే వచ్చేవి. అవి ఎక్కడివో కాలనీలో అందరికీ తెలుసు. తాగి వచ్చినవాడు కూడా అప్పుడు తల దించుకునేవాడు.

పోయినేడు కూతురు తిరుమల దాన్ని ఫోన్లో తీసి, "మా అవ్వ మీదికి వచ్చిన పోచమ్మ తల్లి" అని రాసి నెట్లో పెట్టింది. భక్తితోనే పెట్టింది. మూడో రోజుకల్లా ఎవరో ఆ రెండు మాటలనే కత్తిరించి, వెనక నవ్వులు అతికించి వదిలారు. ఇక అది ఊరూరా తిరిగింది. కరెంటు పోయిన బాత్రూం తలుపు ముందు నిలబడి ఒక ఇల్లాలు ఐలవ్వ గొంతుకు పెదాలు కదిపింది. షట్టరు దించుతున్న వైన్ షాపు ముందు ఒకడు అదే చేశాడు.

ఐలవ్వకు ఇదేమీ తెలియదు. ఒకరోజు పొద్దుటి షిఫ్టులో, కొత్తగా చేరిన కార్మికుడొకడు దీపం కోసం చెయ్యి చాపి, "అవ్వా, లైటు ఆర్పకుండ్రి" అన్నాడు. వెనక వరసలో కిసుక్కుమన్నారు. ఆమె దీపం చేతికిచ్చింది. ఇంటికొచ్చి అడిగితే, తిరుమల ఏడుస్తూ ఫోను చూపించింది.

ఐలవ్వ మొత్తం చూసింది.

"గా నవ్వేటోళ్లు ఎవలే?"

"ఎవ్వలు గాదవ్వా. ఆ నవ్వులు అంటువెట్టిన్రు."

"నవ్వు గూడ అంటువెడతరా బిడ్డా?"

కింద వందలకొద్దీ రాతలున్నాయి. పిచ్చి దవాఖానలో వెయ్యాలని కొందరు రాశారు. మన ధర్మాన్ని వెక్కిరిస్తారా అంటూ ఇంకొందరు వాళ్ల తల్లులను తిట్టారు. ఈమెది ఏ కులమని ఒకడు ఆరా తీశాడు. తెలిశాక, అమ్మవారికి దిగడానికి ఇంకో ఇల్లు దొరకలేదా అన్నాడు. లోపల ఉన్న మనిషి ఎవరని మాత్రం ఒక్కరూ అడగలేదు. తిరుమలే రాసింది: "ఆమె మా అవ్వ. లోపట ఉన్నది మా నాయిన." దాని కింద కూడా నవ్వు బొమ్మలే పడ్డాయి. తను పెట్టిన వీడియో తీసేసింది గానీ, అప్పటికే అది ఆమె చేతిలోది కాదు.

తర్వాత భూపాల్ అనే యూట్యూబు చానెలాయన మైకుతో ఇంటికొచ్చాడు.

"అవ్వా, కొందరు నటన అంటున్నరు, కొందరు నిజంగ దేవతే అంటున్నరు. నీ అభిప్రాయం ఏంది?"

"నా అభిప్రాయం ఏముంటది బిడ్డా? గప్పుడు నేనుంటనా?"

ఆయన సంతోషంగా వెళ్లాడు. సాయంత్రానికి ఆ మాటకు కూడా నవ్వులు అతికాయి.

మంగళవారం మంగళవారం బొట్టు పెట్టించుకుని మంచీ చెడూ అడిగి వెళ్లే పక్క క్వార్టరు చంద్రమతి ఒకనాడు గడప బయటే ఆగిపోయింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. "ఏమీ అనుకోకు ఐలవ్వా. మా ఆయన వద్దంటున్నారు. ఎవరైనా ఫోన్లో తీస్తే మేమూ అందులో పడతామని" అంది. ఐలవ్వ ఏమీ అనుకోలేదు. మిగతావాళ్లు ఆ మాటైనా చెప్పకుండానే మానేశారు.

మళ్లీ శ్రావణం వచ్చింది. ఐలవ్వ ఒక్కపొద్దు ఉండి, తలంటుకుని, పసుపు రాసుకుని గుడి ముందు నిలబడింది. డప్పు మోగింది. అరికాళ్ల నుంచి పైకి పాకే ఆ వేడి కోసం కళ్లు మూసుకుని ఎదురుచూసింది. అది రాలేదు. కొంగు జారిందేమోనన్న ఆలోచన వచ్చింది. జుట్టు మొహం మీద పడితే ఎట్లా కనబడుతుందోనన్న ఆలోచన వచ్చింది. కళ్లు తెరిస్తే చుట్టూ ఫోన్లు లేచి ఉన్నాయి. డప్పుల వాళ్లు చెమటలు కక్కుతూ ఇంకా గట్టిగా కొడుతున్నారు. ముసలమ్మలు దండం పెట్టుకుని ఆమె మొహంలోకే చూస్తున్నారు.

వాళ్లను వట్టి చేతులతో పంపలేక ఐలవ్వ ఊగడం మొదలుపెట్టింది.

తెలిసి తెలిసి ఊగింది. వానలు పడతాయని, పిల్లలు సల్లగుంటారని చెప్పింది. ఆ రెండు ముక్కలు మాత్రం నాలిక మీదికి వచ్చినా మింగేసింది. ఆడవాళ్లు ఆమె కాళ్ల మీద నీళ్లు పోశారు. ఎవరికీ అనుమానం రాలేదు.

ఇంటికొచ్చాక తిరుమల మొహం వెలిగిపోతోంది. "తల్లి వచ్చింది గదా అవ్వా. నాకు పానం లేచొచ్చింది."

"రాలే బిడ్డా. నేనే ఊగిన."

"గట్లనకే."

"తెలిసి ఊగినా ఎప్పటి లెక్కనే ఉన్నది, గదే భయమైతున్నది." ఐలవ్వ గోడకు చేరగిలబడి, పసుపు ఎండిన పాదాలను చూసుకుంది. "గిన్నేండ్లు గూడ గిట్లనే ఊగిన్నేమో. మీ నాయిన పేరు జెప్పి నేనే ఊగిన్నేమో. ఇప్పుడు నాకెవలు జెప్పాలె?"

తిరుమల పళ్లెంలో అన్నం పెట్టి తెచ్చింది. ఐలవ్వ లేచి, ఏమీ తినకుండానే ల్యాంపు రూము డ్యూటీకి వెళ్లింది.