కొండవైపు గుమ్మం

గురువారం పొద్దున కూడా కొండ కుదరలేదు.

లోరెట్టా వాచర్ చేయి చాచి ఫోటోను కళ్ల ఎదుట నిలిపింది. ఒక కన్ను మూసింది. రెండడుగులు ఎడమకు జరిగింది, మూడడుగులు వెనక్కి నడిచింది. ఫోటోలోని చెక్కభవనం కప్పు మీదుగా ఒక కొండ లేస్తుంది, దాని నెత్తిన గొడ్డలితో నరికినట్టు ఒక గండి. తన ఊరైన కిట్టివేక్ ఆర్మ్ రేవు చుట్టూ ఉన్న కొండల్లో దేనికీ అలాంటి గండి లేదు. తొమ్మిది రోజులుగా లేదు. పదో రోజున మొలిచి ఉంటుందేమో అన్నట్టు ఆమె చూస్తూనే ఉంది.

ఫోటో వెనక పెన్సిలు రాత: ‘ఆడవాళ్ల హాలు. తలుపులు తెరిచిన రోజు. 1919.’ గుమ్మం ముందు, ఎత్తు కుదరని రెండు కిటికీల నడుమ, పదకొండు మంది స్త్రీలు. కుడి చివర నిలబడి, సరిగ్గా ఆ క్షణానే తల తిప్పి, ముఖం పొగలా చెదిరిపోయిన మనిషి లోరెట్టా ముత్తవ్వ. న్యూఫౌండ్‌ల్యాండ్ తీరాన ఈ మూలలో ఏ కట్టడానికైనా వర్తకుడి పేరో, చర్చి పేరో ఉంటుంది. ఆడవాళ్లు తమ చేతులతో కట్టుకున్నది ఒకటి ఉండేదని, ఫోటో దొరికేదాకా ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఆ హాలు ఏదో తనకు తెలుసని లోరెట్టా అనుకుంది. చేపలు పట్టే గార్లండ్ కీపింగ్ తన వలలు దాచుకునే నీలం కొట్టమే అది. ఫోటోలో గుమ్మం పైన, చూరు కింద, గాలి కోసం చెక్కలో కోసిన నక్షత్రపు కంత ఉంది, కొట్టానికీ ఉంది. కాని సోమవారం యంత్రం వస్తుంది, కొట్టం కూలుతుంది, ఆ చోట గార్లండ్ కొత్త పడవకు కొత్త రేవు లేస్తుంది. లైబ్రరీలో పుస్తకాలు సర్దుకుంటూ, చదవడానికి వచ్చినవాళ్లతోనూ నెమ్మదిగానే మాట్లాడే లోరెట్టా, తొమ్మిది రోజుల కిందట కౌన్సిల్ సమావేశంలో లేచి నిలబడి, దాన్ని పడగొట్టవద్దని అంది. తన గొంతు తనకే పరాయిదిగా వినిపించింది.

మేయర్ బ్యూలా రైడౌట్ ఫోటోను దీపం దగ్గరికి జరిపి చూసింది.

“చూడు తల్లీ, ఇందులో నక్షత్రం గుమ్మం మీదుంది. గార్లండ్ కొట్టానికి వెనకవైపుంది, కొండకి ఎదురుగా. సముద్రం వైపు కాక ఇంకోవైపు గుమ్మం పెట్టినవాణ్ణి మనవైపు ఎవర్నైనా చూశావా? ఆ కొండ కూడా మనది కాదు. వచ్చే వారం శుక్రవారం సాయంత్రంలోగా ఈ ఫోటో ఎక్కడ నిలబడి తీశారో చూపించు. అప్పుడు ఆపుతాను.”

“చూపించలేకపోతే నక్షత్రం కోసి ఇస్తాలే లోరెట్టా,” అన్నాడు గార్లండ్ వెనక బెంచీ నుంచి. “గోడకి తగిలించుకుందువు.”

నవ్వులు లేచాయి. ఆ నవ్వులు తొమ్మిది రోజులుగా ఆమె చెప్పుల్లో గులకరాళ్లయి తిరుగుతున్నాయి.

గురువారం మధ్యాహ్నం ఆమె మూడోసారి లియాండర్ హిస్కాక్ ఇంటి తలుపు తట్టింది. ఊరందరికీ బాబాయి అయిన ఆ ముసలాయన కళ్లకు పొర కమ్మి ఏడాది అయింది.

“మళ్లీ వచ్చావా పిల్లా. నీ ఫోటో నాకు పొగమంచే, నా కిటికీ నాకు పొగమంచే. ఆ హాలు పేరు ఎన్నడూ విన్లేదని రెండుసార్లు చెప్పా. కూర్చో, టీ తాగు. ఆ అంచున కూర్చుంటావేం, ఎగిరిపోయే పిట్టలాగా?”

లోరెట్టా కుర్చీలోకి జరగలేదు. “పోనీ బాబాయ్, గార్లండ్ కొట్టం కట్టిందెవరు?”

“దాన్ని ఇక్కడ కట్టడమేంటి? అది ఈదుకుంటూ వచ్చింది.”

ఆమె కప్పు కింద పెట్టేసింది.

“సముద్రపాయకి అవతల మూడీ కోవ్ ఊరు ఖాళీ చేయించినప్పుడు వచ్చింది,” అన్నాడు లియాండర్. “గవర్నమెంటు మమ్మల్నందర్నీ ఇవతలికి పొమ్మంది. ఇళ్లు వదిలేసి పోతామా? పీపాలు కట్టి నీళ్లలోకి దింపాం, పడవలేసి లాగాం. మా ఇల్లొచ్చింది. చర్చి గంటొచ్చింది. ఉప్పు కొట్టొచ్చింది. ఆ ఉప్పు కొట్టునే గార్లండ్ తాత తన ఒడ్డున పెట్టుకున్నాడు.”

“ఈ మాట మొన్ననే చెప్పలేకపోయావా?”

“నువ్వడిగింది ఆడవాళ్ల హాలు. నేనెరిగింది ఉప్పు కొట్టు. నేను పుట్టేనాటికే దాన్నిండా ఉప్పు.”

టీ మీద పాలమీగడ కట్టకముందే ఆమె రోడ్డు మీద ఉంది.

మూడీ కోవ్ వైపు వెళ్లే పడవ ఊళ్లో ఒక్కటే, అది గార్లండ్‌ది. లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే అతని బుట్టలు ఆ పక్కనే నీళ్లలో ఉంటాయి. అడగకూడని మనిషిని అడగవలసి రావడం ఎంత బరువో, అతని గడపలో నిలబడ్డాక లోరెట్టాకు తెలిసింది. మాటలు మూడే వచ్చాయి: “మూడీ కోవ్. రేప్పొద్దున.”

గార్లండ్ గుమ్మానికి ఆనుకున్నాడు. “ఆరింటికి. ఆలస్యమైతే ఈదుకుంటూ రా, నీ హాలులాగా.” లియాండర్ మాట అప్పుడే ఇక్కడికీ చేరింది.

శుక్రవారం సముద్రం బూడిదరంగులో కుదురులేకుండా ఉంది. అవతలి ఒడ్డున గార్లండ్ పడవలోనే ఉండిపోయాడు. “పదింటికి గాలి తిరుగుతుంది, ఆలోగా రా,” అన్నాడు, అంతే.

ఉప్పు కొట్టు ఉండేదని లియాండర్ చెప్పిన చోట, గడ్డిలో నాలుగు మూలరాళ్లు దొరికాయి. లోరెట్టా వాటి చుట్టూ ఒకసారి తిరిగింది. నీటి అంచుకు పరుగెత్తి, సముద్రానికి వీపు పెట్టి, రాళ్ల మీదుగా ఫోటో ఎత్తింది. ఎదుట ఉన్నది పొట్టి గుట్ట. పొదలు. గండి లేదు. కుడికి జరిగింది, ఎడమకు జరిగింది, ఒక రాయి మీదికి ఎక్కింది, దిగింది. సమయం తొమ్మిదిన్నర. అలలు లెక్కపెడుతున్నట్టు ఒడ్డును తడుతున్నాయి.

“వెళ్దామా?” అని పడవలోంచి కేక.

ఆమె రాళ్లను చివరిసారి చుట్టి వస్తూ, గుట్టవైపు పునాది అంచున బోర్లా పడబోయింది. కాలికి తగిలింది పలకరాయి. మధ్యలో పళ్లెంలా అరిగి ఉంది. వంగి, నాచు గీకి, అరచేయి పెట్టి చూసింది. అది ఏళ్ల తరబడి మనుషులు తొక్కిన మెట్టు.

వెనకవైపున మెట్టు ఎందుకు?

ఆమె తలెత్తింది. గుట్ట వాలు పొడుగునా కుళ్లిన గుంజలు వరసగా నిలిచి ఉన్నాయి, చేపలు ఎండబెట్టిన మంచెల గుంజలు. మగవాళ్లు సముద్రం నుంచి వస్తారు. ఆడవాళ్లు ఆ మంచెల మీది నుంచి వస్తారు, తెల్లవారి నుంచి పొద్దుగూకేదాకా చేపలు తిరగేసి, ఉప్పు చేతులతో. వాళ్లు కట్టుకున్న ఇంటికి గుమ్మం ఎటు ఉంటుంది?

గుంజల మధ్యగా పైకి ఎక్కి, లోరెట్టా వెనక్కి తిరిగి ఫోటో ఎత్తింది. మూలరాళ్ల మీదుగా, కప్పు ఉండవలసిన చోటు మీదుగా, పాయకు అవతల కొండ లేచింది. రెండు కొండలు ఒకదాని భుజం మీద ఒకటి వాలి, నడుమ గండి. అది తన ఊరి కొండే. రోజూ దాని కిందే నడుస్తుంది కనుక ఆ గండి ఆమెకు ఎన్నడూ కనబడలేదు. ముత్తవ్వ తల తిప్పింది అటువైపే.

ఫోన్లో ఒక బొమ్మ తీసుకుని పడవ దగ్గరికి పరుగెత్తింది. గార్లండ్ ఆమె ఫోన్లో తీసిన బొమ్మను చూసి, తాడు విప్పడం మొదలుపెట్టాడు.

“కొండని మొదటి రోజే గుర్తుపట్టా,” అన్నాడు తాడుతో మాట్లాడుతున్నట్టు. “రోజూ ఈ బుట్టల దగ్గర్నుంచి చూసేదే కదా. ఇంటి సంగతి మాత్రం నిజంగా తెలీదు.”

“చెప్పలేదేం?”

“నాకు రేవు కావాలి లోరెట్టా. కొత్త పడవ ఎక్కడ కట్టుకోను, నీ పుస్తకాల అరలోనా?”

ఆమె పడవెక్కింది. ఊరి ఒడ్డు చేరేదాకా కొండ మీది గండి మెల్లగా మూసుకుపోవడం చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం మేయర్ బ్యూలా కొట్టం వెనక నిలబడి, ఒక చేత్తో ఫోటో, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని రెంటినీ మార్చి మార్చి చూసింది. “చోటు సరే. ఇల్లు ఇదేనని రుజువేంటి?”

లోరెట్టా నోరు తెరిచేలోగా గార్లండ్ ఇనపకడ్డీ తెచ్చాడు. నక్షత్రం కింద మొదటి పలక కీచుమని లేచింది, తరవాతది, ఆ తరవాతది. లోపల గుమ్మం చట్రం, దాని రెండు పక్కలా మూసేసిన కిటికీలు. ఎడమ కిటికీ కుడిదానికన్నా జానెడు కిందికి ఉంది. ఫోటోలోనూ అంతే ఉంది.

బ్యూలా ఆ తేడాను జానతో కొలిచి చూసింది. ఫోటోను లోరెట్టా చేతిలో పెట్టింది. “సోమవారం యంత్రం రాదు. మాటిచ్చాను.”

గార్లండ్ కడ్డీ గోడకు చేర్చి, పలక మీద కూలబడ్డాడు. ఈ ఏడాది రేవు లేదని అతని భుజాలు చెబుతున్నాయి. గెలిచిన గెలుపు లోరెట్టాకు రుచించలేదు. రోడ్డు దాకా వెళ్లి, వెనక్కి వచ్చింది.

“గార్లండ్. పాయ దాటొచ్చిన ఇల్లు ముప్పై అడుగులు జరగలేదా?”

అతను తలెత్తాడు. నీటి అంచును, రోడ్డు పక్కనున్న ఖాళీ గడ్డినేలను, మళ్లీ కొట్టాన్ని చూశాడు.

“పీపాలు అక్కర్లేదు,” అన్నాడు మెల్లగా. “దుంగలు చాలు. ఇరవైమంది తాడు పట్టాలి. లియాండర్‌ని కేకలెయ్యడానికి కూర్చోబెడదాం.” గుమ్మం చట్రం వైపు తిరిగాడు. “మరి గుమ్మం ఎటు?”

“కొండవైపే.”

“ఊరంతా నవ్వుద్ది.”

“నవ్వనీ,” అంది లోరెట్టా, ఆ తాడు పట్టే ఇరవైమందిలో మొదటి పేరు రాసుకోవడానికి పెన్సిలు వెతుక్కుంటూ.