మళ్ళీ ఏకిన దూది

పాత పరుపు పొట్ట చీల్చి లోపలి దూదిని దోసిళ్ళతో బయటికి తోడుతున్నాడు బుడే. ఏళ్ళ తరబడి మనుషుల బరువు మోసిన దూది. గట్టిపడి, ఉండలు కట్టి, టీ మరకల రంగుకు తిరిగింది. ఒక్కో ఉండనూ వేళ్ళతో విడదీసి ఎండలో పరుస్తున్నాడు. బారెడు పొద్దయినా ఎక్కలేదు, అప్పుడే డాబా గచ్చు అరికాళ్ళను చురుక్కుమనిపిస్తోంది.

మనిషి సన్నం. లుంగీ మోకాళ్ళపైకి ఎగగట్టి, ముక్కూ నోరూ కలిపి తువ్వాలు చుట్టుకున్నాడు. పైకి కనబడేవి రెండు కళ్ళే. కనుబొమలు నెరిశాయో, వాటికి దూది అంటిందో పోల్చుకోవడం కష్టం. ఎడమ అరచేతిలో దూది ఏకే విల్లు పట్టిన చోట కాయ కాసి, మడమ చర్మంలా బిరుసెక్కింది. ఆ విల్లు తండ్రిది. పేటలో తనలాంటి వాళ్ళంతా ఆటోల మీద ఏకే మిషన్లు పెట్టుకున్నారు, కొందరు ఏకంగా స్పాంజి పరుపుల కొట్లు తెరిచారు. బుడే మాత్రం విల్లును పాత మోపెడ్‌కు కట్టుకుని చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతూనే ఉన్నాడు. పిలిచేవాళ్ళు తగ్గారు. పూర్తిగా మానలేదు, అంతే.

ఈ ఇంటి పెద్దావిడ వెంకటరావమ్మ మానని వాళ్ళలో ఒకావిడ. మెట్లగది నీడలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"స్పాంజి మీద పడుకుంటే వీపు పెనం మీద పెట్టినట్టుంటది బుడే. మావాడు వినడు. నా పరుపు జోలికి మాత్రం రావద్దన్నా," అంది.

"మంచి మాటన్నారమ్మా," అన్నాడు బుడే, తువ్వాలు లోపలినుంచి.

మెట్లగది నీడలోనే రెండోపక్క గోనెపట్టా పరిచి, ఎండిన దూదిని కుప్ప పోసి, విల్లు దించాడు. నారి దూదిలో మునిగేలా పట్టుకుని కొయ్యతో మీటాడు. టుంయ్‌మని మోగింది. నారికి చిక్కిన ఉండ చెదిరి, పొగలా పైకి లేచి, పక్కన మెల్లగా వాలింది. దుమ్మూ గింజ తుక్కూ పట్టా మీదే రాలిపోయాయి.

చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి. మనసే సాయంత్రం మీద ఉంది. సాయంత్రం కూతురు వస్తుంది. నస్రత్ గుంటూరులో నర్సు. మొగుడు అష్రఫ్‌నీ, ఐదేళ్ళ కొడుకు హయాత్‌నీ తీసుకుని కారులో ఊటీ పోతోంది. దారిలో ఈ ఇంటికే వచ్చి తండ్రిని ఎక్కించుకుంటానంది. వద్దంటే వినలేదు.

ఊటీ అన్న మాట వింటే బుడేకి గుండెలో ముల్లు కదిలినట్టుంటుంది. నస్రత్ మూడో తరగతిలో ఉండగా, పక్క బెంచీ పిల్ల ఊటీ వెళ్ళొచ్చి ఉన్ని టోపీ పెట్టుకుని బడికొచ్చింది. ఆ సాయంత్రం నస్రత్ అడిగింది, "నాన్నా, మనం ఎప్పుడు పోతాం?" అని. వచ్చే ఎండాకాలం అన్నాడు. ఎండాకాలమేమో పరుపుల కాలం. తల్లి మదార్‌బీ పొద్దున్నే మిరపకాయల తొడిమలు తీయడానికి పోయేది. ఇంట్లో చూసే దిక్కు లేక నస్రత్‌నీ, దాని తమ్ముడు మాబునీ సైకిల్ మీద వెంటేసుకుని తిరిగేవాడు. సెలవులంటే ఆ పిల్లలకు ఊళ్ళోవాళ్ళ డాబాలే. వచ్చే ఎండాకాలం అలా వస్తూనే ఉంది, పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు, మదార్‌బీ పోయింది. ఇప్పుడు కూతురు తన కొడుకుని ఊటీ తీసుకెళ్తోందంటే, నేను మొహం వాచినట్టు నా బిడ్డ వాచకూడదని దాని పట్టుదల కాబోలు అనుకున్నాడు బుడే. కూతురు మనసులో ఆ కష్టం ఉందో లేదో ఒక్కసారి నోరు తెరిచి అడగాలి. ఇన్నేళ్ళూ అడగలేకపోయాడు. ఈవేళ కారెక్కాక అడిగి తీరాలని రాత్రే గట్టిగా అనుకున్నాడు.

మెట్ల మీద దడదడమంటూ అడుగులు. వెంకటరావమ్మ మనవరాలు హన్విక, వెనక తమ్ముడు రుషిల్. ఆరేళ్ళది ఒకటి, నాలుగేళ్ళవాడు ఒకడు. సింగపూర్ వెళ్ళి వచ్చి వారం కాలేదు. ఏకిన దూది కుప్పను చూసి ఇద్దరూ ఆగిపోయారు.

"తాతయ్యా, పీచుమిఠాయా అది?" అన్నాడు రుషిల్.

"తిని చూడు, పళ్ళల్లో ఇరుక్కుంటది," అన్నాడు బుడే.

అంతలో వాళ్ళమ్మ శ్రీదివ్య ఫోను చేత్తో పట్టుకుని పైకొచ్చింది. "దిగండి కిందికి! డస్టు ఇదంతా. దగ్గొస్తే హాస్పిటల్ చుట్టూ తిరగాలి నేను."

"ఏకిన దాంట్లో దుమ్ముండదులేమ్మా," అన్నాడు బుడే.

వెంకటరావమ్మకు నవ్వొచ్చింది. "సింగపూర్లో ఏం చూశారే అని అడిగా బుడే. ఏం చెప్పిందో తెలుసా ఇది? హోటల్లో మంచమెక్కి ఎగిరామంట! విమానమెక్కి సముద్రాలు దాటిపోయి, మంచమెక్కి ఎగిరొచ్చారు."

శ్రీదివ్య మొహం చిన్నబోయింది. "ఏడాదంతా కొట్లో పురుగుమందుల వాసన పీల్చి తీసుకెళ్ళారత్తయ్యా ఆయన. పిల్లలకి గుర్తుండాలనేగా." గొంతులో కోపం లేదు, దిగులే ఉంది. బుడేకి ఆ కోడలు పిల్లని చూస్తే జాలేసింది. తీసుకెళ్ళలేనివాడికి ఒక దిగులు, తీసుకెళ్ళినవాళ్ళకి ఇంకో దిగులు.

శ్రీదివ్య అటు తిరిగిందో లేదో, హన్విక దూదిలోకి దూకేసింది. వెనకే తమ్ముడు. నడుము ఎత్తున్న కుప్ప ఒక్క దెబ్బకు అణిగిపోయింది.

ఏకిన దూదిని తొక్కకూడదు. తొక్కితే పోగులు మళ్ళీ పెనవేసుకుంటాయి. అలాగే కూరితే నెల తిరక్కుండా పరుపులో గడ్డలు లేస్తాయి. మొదటినుంచీ ఏకాల్సిందే.

"బుడే, తరుమయ్యా వాళ్ళని!" అని అరిచింది వెంకటరావమ్మ.

బుడే కొయ్య ఎత్తబోయినవాడల్లా ఆగాడు. దూదిలోంచి హన్విక మొహం ఒక్కటే పైకి కనబడుతోంది. కళ్ళు మూసుకుని, నోరంతా తెరిచి నవ్వుతోంది. అచ్చం అలాగే, ఏదో ఊళ్ళో ఎవరిదో డాబా మీద, నస్రత్ మొహం. పొట్ట పట్టుకుని నవ్వుతున్న నస్రత్, దాని మీద పడి దొర్లుతున్న మాబు. నిజంగానే నవ్వేవాళ్ళు. ఎక్కడికీ పోయే గతి లేక పడున్నారని కదా తను అనుకున్నది! ఆ నవ్వులు ఇన్నేళ్ళూ గుర్తుకే రాలేదు. ఊటీ అడిగిన ఆ ఒక్క సాయంత్రమే గుర్తుండిపోయింది.

"పోనీండమ్మా. మళ్ళీ ఏకుతా," అన్నాడు.

"నీకేమన్నా పిచ్చా?"

"పిల్లలు కదమ్మా."

ఆ పూటంతా అదే ఆట. ఆయన ఏకుతాడు, పైకి లేచిన పోగుల్ని వాళ్ళు గాల్లో పట్టుకుంటారు. కుప్ప రుషిల్ చెవుల దాకా వచ్చాక బుడే "ఊ" అంటాడు, ఇద్దరూ దూకుతారు. ఆయన తిట్టినట్టు నటిస్తాడు, వాళ్ళు భయపడినట్టు నటిస్తారు. ఫోను చూస్తావా అని శ్రీదివ్య ఆశపెట్టినా రుషిల్ తల తిప్పలేదు. చివరికి ఆవిడ కూడా మెట్ల మీద కూర్చుని కాసేపు చూసి, తనకు తెలియకుండానే నవ్వి, వంట చూసుకోవడానికి దిగిపోయింది.

మధ్యాహ్నం వెంకటరావమ్మ అన్నంలో ఆవకాయ వేసి పెట్టింది. బుడే నాలుగు ముద్దలు తిని, మజ్జిగ తాగి ఊరుకున్నాడు. విల్లు పట్టిన చెయ్యి భుజం దాకా లాగుతోంది. ఛాతీలో బరువుగా ఉంది. ఒకే దూదిని అన్నిసార్లు ఏకితే లాగదా మరి అని తనే సర్దిచెప్పుకున్నాడు. పెద్దావిడ నడుం వాల్చడానికి కిందికి దిగింది.

ఫోను మోగింది. నస్రత్.

"నాన్నా, బయల్దేరాం. రెడీగా ఉండు."

"పరుపు కాలేదమ్మా. ఈళ్ళ పిల్లలు దూది తొక్కేశారు."

"తొక్కనిచ్చావా?" అవతల పకపకా నవ్వు.

"నస్రతూ, నిన్నొక మాట అడగాల..."

"వినపడట్లా నాన్నా, రోడ్డు మీదున్నాం. వచ్చాక అడుగుదువులే."

"సరేలే," అన్నాడు. అడగడం అంత కష్టం కాదనిపించింది ఇప్పుడు. జవాబు సగం తెలిసినట్టే ఉంది. మిగతా సగం దాని నోటితో వింటే చాలు.

లేచి మరోసారి ఏకాడు. ఈసారి కుప్ప అన్నిటికన్నా పెద్దది. తెల్లగా, తేలిగ్గా, గాలి విసిరితే కదులుతోంది. పిల్లలు గోడ దగ్గర కాళ్ళు ఆనించి సిద్ధంగా నిలబడ్డారు.

"ఉండండి నాయనా," అన్నాడు బుడే. "ఊపిరి తీసుకోనీండి. అప్పుడు ఎగురుదురు."

తువ్వాలు విప్పి ఒళ్ళో పెట్టుకుని, మెట్లగది గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు.

పిల్లలు ఎదురుచూశారు. తాతయ్య ఊ అనలేదు. ఎండ గోడ దిగి పక్కింటి మీదికి జరిగింది. ఇద్దరూ గుసగుసలాడుతూ, దూదిని వేలితో కూడా ముట్టకుండా దాని చుట్టూ తిరిగారు.

కారు వచ్చి ఆగింది. ముందుగా హయాత్ మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడు.

"ష్," అంది హన్విక. "తాతయ్య నిద్రపోతున్నాడు. లేచాకే దూకాలి."

హయాత్ తాతను చూశాడు, దూదిని చూశాడు. ఆగలేకపోయాడు. వాడు దూకాక మిగతా ఇద్దరినీ ఆపేదెవరు?

మెట్లెక్కుతున్న నస్రత్‌కు ఆ నవ్వులు వినబడ్డాయి. ఆమె మొహమూ విచ్చుకుంది. ఎక్కి వచ్చి, తండ్రి కూర్చున్న తీరు చూసి, చివరి మెట్టు మీదే ఆగింది. దగ్గరికొచ్చి మణికట్టు పట్టుకుంది. తర్వాత మెడ దగ్గర వేళ్ళు ఆనించింది. రోజూ ఆస్పత్రిలో చేసే పనే. వేళ్ళు చాలాసేపటి దాకా తీయలేదు.

"ఏదో అడగాలన్నావు కదా నాన్నా," అంది. "అడుగు."

హన్విక దూదిలోంచి లేచి వచ్చింది. భయపడ్డట్టుంది. "మేం లేపలేదు ఆంటీ. తాతయ్య మాకోసం మళ్ళీ మళ్ళీ ఏకాడు. తొక్కినా కొట్టలేదు."

నస్రత్ ఆ పిల్ల జుట్టులో చిక్కుకున్న పోగు తీసింది. "మమ్మల్నీ కొట్టేవాడు కాదమ్మా. నోటితో తిట్టేవాడు, చేత్తో మళ్ళీ ఏకేవాడు. సెలవులెప్పుడొస్తాయా, నాన్నతో పరుపులకి ఎప్పుడు పోతామా అని నేనూ తమ్ముడూ రోజులు లెక్కపెట్టుకునేవాళ్ళం." అంతవరకూ చెప్పి, తండ్రి ఒళ్ళోని తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

చీకటి పడకముందే అష్రఫ్ వాళ్ళు ఆయన్ని కారులో సొంత ఊరికి తీసుకెళ్ళిపోయారు. శ్రీదివ్య పిల్లల్ని గట్టిగా పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయింది. వెంకటరావమ్మ ఒక్కతే డాబా ఎక్కింది. కొత్త పరుపు గలీబు మడత విప్పకుండా గోడ పక్కన ఉంది. దాని ముందు, తెల్లటి దూది కుప్ప నడిమధ్యలో, ముగ్గురు పిల్లలు పడ్డ గుంట అణిగింది అణిగినట్టే ఉంది.