తినని భోజనాల ఖరీదు

పంది కొవ్వు వాసన తగిలితే ఇప్పటికీ నేను ఆ గది వదిలి బయటికి పోతాను. తిండి విషయంలో నాకు పెద్ద పట్టింపులేమీ లేవు. అమెరికాలో, మిన్నెసోటాలో మా ఇంట క్రిస్మస్ రోజున క్షారంలో నానబెట్టిన చేపని లొట్టలు వేసుకుంటూ తిన్నదాన్నే. కానీ పెళ్ళి మర్నాడు పొద్దున మా అత్తగారు లీజ్ రొట్టె మీద పంది కొవ్వు ముద్ద రాసుకుని, అదే కత్తితో, తుడవనైనా తుడవకుండా, మా వాళ్ళు పంపిన కవర్లు చీల్చింది. ఈ రోత ఆనాటిది.

అవి నాకు వచ్చిన కవర్లు. మా వాళ్ళెవరూ పెళ్ళికి రాలేకపోయారు. జూన్ నెల, పొలాల్లో పని, కారులో రెండు రోజుల దారి. అందుకని పన్నెండు ఇళ్ళవాళ్ళు పన్నెండు కార్డులు కెనడాలోని క్విబెక్‌కి పోస్టు చేశారు. వచ్చినవి వచ్చినట్టే అత్తగారు సొరుగులో దాచింది.

"మా కోటికుక్ ఊళ్ళో పెళ్ళి మర్నాడే విప్పుతామమ్మాయ్, నలుగురి ముందూ. అదే మర్యాద," అంది.

నలుగురంటే ఆవిడ తరఫు నలుగురే. బఠానీ సూపు, బీన్సు, హాము పెట్టుకుని బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆవిడ ఒక్కో కవరూ చీల్చి కార్డు నా వైపు తోసేది, చెక్కు తీసి నా మొగుడు యానిక్ పళ్ళెం పక్కన పెట్టేది. కార్డుల అంచులకి జిడ్డు మరకలు. నేను నవ్వుతూ కూర్చున్నాను. కొత్త కోడలికి ఏ దేశంలోనైనా మొదట చేతకావలసింది అదే కాబోలు.

మా నానమ్మ సోల్వేగ్ పంపిన కార్డులో ఆవిడ అల్లిన గిన్నెలు తుడిచే గుడ్డ ఒకటి మడత పెట్టి ఉంది. కార్డులో వణుకుతున్న అక్షరాలు: "ఇది నీది. నీ ఒక్కదానిదే." అంతే. తొంభై ఒక్కేళ్ళ మనిషి. గుడ్డ చూసి బల్ల దగ్గర అందరూ నవ్వారు. నాకూ మనసు చివుక్కుమంది, ఎందుకు దాచాలి. నన్ను పెంచింది నానమ్మే. ఆవిడ మాత్రం ఒక గుడ్డముక్కతో సరిపెట్టిందేమిటా అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

చెక్కుల కోసం నేనెందుకంత కాచుకుని ఉన్నానో చెప్పాలి. నేను నర్సుని. మిన్నెసోటాలో ఆరేళ్ళు గుండె జబ్బుల వార్డులో పనిచేశాను. ఇక్కడ మళ్ళీ పరీక్ష రాస్తేగాని రోగి చెయ్యి పట్టుకోనివ్వరు. పరీక్షకి, కాగితాలకి కలిపి ఎనిమిది వందల యాభై డాలర్లు. అక్టోబరు ఆఖరులోగా కట్టకపోతే నా ఫైలు మూసేస్తారు, మళ్ళీ మొదటికి రావాలి. దేశం మారుతూ దాచుకున్నదంతా లాయరుకి పోశాను. అందుకే మా వాళ్ళందరికీ ముందే రాశాను: కుక్కర్లు, దుప్పట్లు పంపకండి, పరీక్షకి సాయం చేయండి అని. అంతవరకూ నా ఉద్యోగం అత్తగారి వంటింట్లో ఉల్లిపాయలు తరగడం. మేము మేడ మీద, ఆవిడ కింద.

మా వాళ్ళు మంచివాళ్ళే, పంపారు. కానీ వాళ్ళ మర్యాద నా కొంప ముంచింది. మా వైపు పెళ్ళి చెక్కు మీద పెళ్ళికూతురి పేరు రాయరు. "శ్రీ యానిక్ బోల్దుక్, శ్రీమతి యానిక్ బోల్దుక్" అని రాస్తారు. అలా రాయకపోతే ఆ పెళ్ళిని ఒప్పుకోనట్టు. వెర్లిన్ బాబాయ్ నుంచి చర్చి ఆడవాళ్ళ దాకా అందరూ ముచ్చటపడి అలాగే రాశారు.

వారం తర్వాత యానిక్, నేను బ్యాంకుకి వెళ్ళాం. పన్నెండు కవర్లకి పదకొండు చెక్కులు. కౌంటర్లో అమ్మాయి ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"శ్రీమతి యానిక్ బోల్దుక్ ఎవరు?"

"నేనే," అన్నాను.

"మీ పాస్‌పోర్టులో మారిట్ ఎలింగ్సన్ అని ఉందే."

"నిన్నగాక మొన్న పెళ్ళయింది."

"అయితే మాత్రం? క్విబెక్‌లో పెళ్ళయినా మీ పేరు మీదే. మొగుడి పేరు చట్టం ఇవ్వదు. శ్రీమతి బోల్దుక్ అనే మనిషి మాకు లేదమ్మా. ఆయన ఉన్నారు కాబట్టి ఆయన ఖాతాలో వేస్తాం. అమెరికా చెక్కులు కదా, ముప్ఫై పనిరోజులు ఆగాలి."

యానిక్ నా భుజం తట్టి నవ్వాడు. "చూశావా, నువ్వసలు లేవట!"

కారులోకి ఎక్కాక అడిగాను. "నా పేరున ఒక ఖాతా తెరుద్దామా?"

"అడిగాను మారిట్. నివాసం కాగితాలు వచ్చేదాకా నీకు తెరవరట. నా ఖాతా అయితే ఏంటి, నీది కాదా?"

నమ్మాను. పెళ్ళయి పది రోజులే మరి.

ఆగస్టు మొదటి వారంలో డబ్బు చేతికి వచ్చింది. నాకు చెప్పినవాళ్ళు లేరు. రెండు వారాలు చూసి, ఆదివారం కింద భోజనాల దగ్గర నేనే ఎత్తాను.

"యానిక్, పరీక్ష ఫీజు ఈ వారం కట్టేద్దామా?"

యానిక్ మొక్కజొన్న కండె కొరుకుతూ తల్లి వైపు చూశాడు. అత్తగారు మూతి తుడుచుకుంది.

"ఏం ఫీజమ్మాయ్? ఆ డబ్బు హాలు వాడికి కట్టేశాం కదా."

"ఏ డబ్బు?"

"కవర్ల డబ్బు. కవరంటే ఏమనుకున్నావ్? మా దగ్గర పెళ్ళికొచ్చినవాడు వాడి భోజనం ఖరీదు కవర్లో పెట్టి ఇస్తాడు. ఆ కవర్లతో హాలు వాడికి, వైను వాడికి చెల్లిస్తాం. మా అమ్మ పెళ్ళిలోనూ అంతే, నా పెళ్ళిలోనూ అంతే."

"మా వాళ్ళు పెళ్ళికి రాలేదు కదత్తయ్యా. వాళ్ళు తిన్నదెక్కడ?"

"రాకపోవడం మా తప్పా? వస్తారేమోనని పన్నెండు కుర్చీలు వేయించాం."

"రామని ఏప్రిల్లోనే చెప్పారు."

"ఏప్రిల్లో చెబితే జూన్‌లో మనసు మారదా ఏంటి?"

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. మా ఇంట్లో అది తిరగబడింది, కోడలి సొమ్ముతో అత్త విందు చేసింది. వెర్లిన్ బాబాయ్ తిండి మానేసి పంపిన వంద డాలర్లు యానిక్ పెదనాన్న గాస్తాఁ గొంతులో వైనై దిగాయి. ఆయన ఆ రాత్రి తాగి, తాగినదంతా నా చెప్పుల మీద కక్కాడు కూడా. మా బాబాయి డబ్బు నాకు చేరింది ఆ రూపంలోనే.

"మీది మీకిస్తాంలే, నెమ్మది మీద," అన్నాడు యానిక్, నా కళ్ళలోకి చూడకుండా. "పరీక్ష ఎక్కడికి పోతుంది?"

"అదీ!" అంది అత్తగారు. "ఇంతలో తొందరేం వచ్చింది? ఇంట్లో నీకేం తక్కువ? నువ్వుంటే నాకు చేతికింద సాయం."

ఆ చివరి మాట విన్నాక లేచాను. పళ్ళెం తీసుకెళ్ళి చెత్తడబ్బాలో బోర్లించి మేడెక్కాను.

సెప్టెంబరు మధ్యలో ఒకరోజు పొద్దున్నే మెట్ల కింది నుంచి అత్తగారి గొంతు వినిపించింది. వీధంతా వినిపించి ఉంటుంది.

"అమ్మాయ్! దిగిరా! మీ నానమ్మ నిర్వాకం చూద్దువుగాని!"

దిగాను. ఎప్పటిలాగే యానిక్‌కి వచ్చిన ఉత్తరాలన్నీ ఆ కత్తితోనే చీల్చి బల్ల మీద పరిచింది. చేతిలో బ్యాంకు కాగితం, దానికి పిన్ను గుచ్చిన ఒక చెక్కు.

"చెల్లలేదట! తిరగ్గొట్టారు! పైగా నా కొడుకు ఖాతాలోంచి జరిమానా కోశారు. ఖాతాలో దమ్మిడీ లేనప్పుడు చెక్కు రాయడమెందుకమ్మా ముసలావిడ? పరువు కోసమా?"

ఆవిడకి ఫ్రెంచే గాని ఇంగ్లీషు రాదు. తిరిగొచ్చిన కారణం ఇంగ్లీషులో ఉంది. ఆ ధైర్యంతోనే చెక్కు తెచ్చి నా ముఖాన విసిరింది.

తీసి చూశాను. చెక్కు మీద అచ్చయిన పేరు "శ్రీమతి ఆర్విల్ ఎలింగ్సన్." తాతయ్య పోయి ఇరవై ఏళ్ళయినా నానమ్మ చెక్కు పుస్తకం మీద ఆయన పేరే. డబ్బు ఎవరికి చెల్లించాలో రాసే చోట మాత్రం ఆవిడ, మా వాళ్ళందరిలోకీ ఆవిడొక్కతే, మారిట్ ఎలింగ్సన్ అని రాసింది. తొమ్మిది వందల డాలర్లు. కింద ఎడమవైపు, ఎందుకోసమో రాసే గీత మీద ఒక్క మాట ఉంది. "పరీక్షకి."

పై మూల కొవ్వు మరక ఎండిపోయి పచ్చబడి ఉంది. పెళ్ళి మర్నాటిదే. ఆ గుడ్డ మడతలోంచి ఆ పూటే తీశారన్నమాట. "ఇది నీది" అని నానమ్మ రాసింది గుడ్డ గురించి కాదు.

వెనక్కి తిప్పాను. మారిట్ బోల్దుక్ అని సంతకం. బోల్దుక్‌లో చివరి అక్షరం తోక పొడుగ్గా లాగడం యానిక్‌కి అలవాటు. ఆ తోక అక్కడ ఉంది. అమెరికా బ్యాంకు రాసిన కారణం: ముందున్న పేరూ వెనకున్న సంతకమూ ఒకరివి కావు.

"మా నానమ్మ ఖాతాలో డబ్బుందత్తయ్యా," అన్నాను. "దొంగ సంతకం అని తిరగ్గొట్టారు."

అత్తగారు కత్తి తీసి రొట్టె కొయ్యడం మొదలుపెట్టింది.

యానిక్ మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. చెక్కు అతని పళ్ళెం పక్కనే పెట్టాను, ఆనాడు అత్తగారు చెక్కులు పెట్టిన చోటే. తేలు కుట్టిన దొంగలా చూస్తూ నిలబడ్డాడు.

"హాలు వాడికి ఇంకా తొమ్మిది వందలు తక్కువయ్యాయి," అన్నాడు చివరికి. "బ్యాంకు మిషన్లో వేస్తే సంతకం ఎవరూ చూడరనుకున్నా."

"అది కాదు నేనడిగేది. ఈ గీత మీది మాట చదివావా?"

"ఏ మాట?"

"నీకు ఇంగ్లీషు వచ్చు యానిక్."

కిటికీలోంచి బయటికి చూశాడు. "చదివాను."

చదవలేదని అబద్ధం చెబుతాడనుకున్నాను. చెబితే బాగుండేది కూడా. అబద్ధంలో కాస్త సిగ్గన్నా ఉంటుంది.

"సంతకం పెట్టింది నీ మొగుడేగా," అందుకుంది అత్తగారు. "దారిన పోయే దొంగా? మొగుడూ పెళ్ళాల మధ్య నీ పేరేంటి, నా పేరేంటి?"

"పేరు తేడా లేకపోతే బ్యాంకు వాళ్ళెందుకు పట్టుకున్నారత్తయ్యా?"

ఛీ అనిపించింది. అరవాలని కూడా అనిపించలేదు. పాలు విరిగితే అరుస్తామా, పారబోస్తాం.

మర్నాడు పొద్దున పాస్‌పోర్టు పట్టుకుని నడిచి బ్యాంకుకి వెళ్ళాను. ఆ కౌంటర్లో అమ్మాయే.

"నివాసం కాగితాలు రాకుండా నాకు ఖాతా తెరవడం కుదరదటగా?" అన్నాను.

"ఎవరు చెప్పారు? పాస్‌పోర్టు, ఇంకో గుర్తింపు కార్డు చాలు. మీ ఆయన ఆ మాట మమ్మల్ని అడగనే లేదే."

ఇరవై నిమిషాల్లో మారిట్ ఎలింగ్సన్ పేరున ఖాతా తయారైంది. అందులో వెయ్యడానికి నా దగ్గర పది డాలర్లు ఉన్నాయి, అవి వేశాను.

ఇంకో పని మిగిలింది. మా వైపు పెళ్ళి చెక్కుకి జవాబుగా చేత్తో రాసిన ఉత్తరం పంపాలి. ఊరికే కృతజ్ఞతలంటే తప్పు. మీ డబ్బు ఫలానా దానికి వాడుకున్నాం అని రాస్తేనే అది మర్యాద. మూడు నెలలు దాటితే కుర్రదానికి పెంపకం లేదంటారు. గడువుకి నాలుగు రోజులే ఉంది. అత్తగారి వంటింటి బల్ల దగ్గరే కూర్చుని ఇంగ్లీషులో రాశాను, ఆవిడ ఎదురుగానే.

"ప్రియమైన వెర్లిన్ బాబాయ్, మీరు ప్రేమతో పంపిన వంద డాలర్లకి కృతజ్ఞతలు. వాటితో యానిక్ పెదనాన్న గాస్తాఁ గారికి నాలుగు సీసాల వైను పోశాం. మీరు తినని భోజనానికీ అందులోంచే చెల్లించాం. ప్రేమతో, మారిట్."

"ప్రియమైన చర్చి ఆడవాళ్ళకి, మీరు కేకులు అమ్మి కూడబెట్టిన రెండు వందల డాలర్లకి కృతజ్ఞతలు. వాటితో ఎవరూ కూర్చోని పన్నెండు కుర్చీలు అద్దెకి తెచ్చాం."

అలా పదకొండు. ఒక్క అబద్ధం రాయలేదు, ఒక్క తిట్టు రాయలేదు. మా ఊళ్ళో ఒక ఉత్తరం పది ఇళ్ళు తిరుగుతుంది.

రెండు రోజులుగా ముఖం మాడ్చుకున్న అత్తగారు నా గుండ్రటి అక్షరాలు చూసి మెత్తబడింది. కోపం తగ్గి దారికొచ్చాననుకుంది.

"ముత్యాల్లా రాస్తావే! ఇలా పెద్దవాళ్ళకి కృతజ్ఞత చెప్పుకోవడం, అదీ పెంపకమంటే. ఇటియ్యి, నేనంటిస్తాను."

ఒక్కో కవరూ తీసుకుని, అంచు మీద నాలుక బారుగా గీసి, అరచేత్తో నొక్కి అంటించింది. పదకొండూ అంటించింది. కోటు వేసుకుని తనే పోస్టు డబ్బా దాకా వెళ్ళింది. పక్కింటావిడ కనిపిస్తే ఆపి కవర్లు చూపించింది. "మా కోడలు రాసింది," అంటోంది. కిటికీ దగ్గర నిలబడి చూశాను. డబ్బా మూత ఎత్తి ఒకటొకటిగా లోపల వేసింది.

పన్నెండోది నేనే అంటించాను, నేనే వేశాను. తిరిగొచ్చిన చెక్కు కూడా అందులోనే పెట్టాను, సంతకం నానమ్మ కళ్ళారా చూడాలని.

"నానమ్మా, నీ చెక్కు చెల్లలేదు. తప్పు నీది కాదు, వెనక్కి తిప్పి చూడు. అక్టోబరు ఆఖరుకి ఇంకా ఆరు వారాలుంది. చెక్కయితే ముప్ఫై పనిరోజులు ఆపుతారు, మీ బ్యాంకులో డ్రాఫ్టు తీయించి పంపు. ఈసారి ఇంటికి వద్దు, బ్యాంకుకి పంపు, చిరునామా కింద రాశాను. పేరు మాత్రం నువ్వు రాసినట్టే రాయించు. నువ్వల్లిన గుడ్డ నా పెట్టెలోనే ఉంది. దాంతో ఈ ఇంట్లో ఏమీ తుడవలేదు."