ఊడొచ్చిన దవడపన్ను

మా చెల్లి ఏది పట్టుకున్నా పగులుతుందని ఇంట్లో పేరు. అలాంటి దాన్ని నేను పనిచేసే మ్యూజియంలో, అదీ రాళ్లలోంచి పాతకాలపు ఎముకలు విడదీసే గదిలో పనికి పెట్టుకోమని అక్కడి పెద్ద మేడమ్‌ని బతిమాలాను చూడండి, నా తెలివి తెల్లారినట్టే ఉంది! "ఒక్క ఎముక పాడైనా ఇక రానక్కర్లేదు" అని ఆవిడ ముందే చెప్పేశారు. చెల్లికేమో ఈ పనంటే ప్రాణం. ఎక్కడా కుదురుగా నిలవని మనిషి, ఇక్కడ కూర్చుంటే అన్నం సంగతి కూడా మరిచిపోయేది.

ఆ రోజు దాని ముందు ఒక కింది దవడ ఉంది. గిట్టలుండి గడ్డి మేసే జంతువుది, గుర్రానికి దూరపు చుట్టం. ఆ జాతి ఎప్పుడో అంతరించిపోయింది. పళ్లు బాగా అరిగి ఉండటంతో ముసలిదని అందరం తేల్చేసుకున్నాం. చెల్లి సన్నటి సూదితో పళ్ల సందుల్లో మట్టి తీస్తోంది.

"అక్కా..."

ఆ పిలుపుతోనే ఏదో పగిలిందనుకున్నాను. వెళ్లి చూద్దును కదా, దాని అరచేతిలో దవడపన్ను!

"నీ చేతులు పడిపోను! ఏం చేశావే?"

"ఏం చేయలేదక్కా, ఒట్టు. సూది అలా తగిలిందంతే, ఊడొచ్చేసింది." దాని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "జిగురు పెట్టేద్దామా? ఎవరికీ తెలీదు."

"జిగురూ లేదు గిగురూ లేదు, నోర్మూసుకో!"

అంతలో మేడమ్ రానే వచ్చారు. ఆ పన్ను లాక్కుని, ముందూ వెనకా చూడకుండా అనేశాను.

"నేనే విరగ్గొట్టాను మేడమ్."

చెల్లి ఏదో అనబోతే దాని కాలు తొక్కాను.

మేడమ్ పన్ను తిప్పి తిప్పి చూశారు. భూతద్దం తీసుకుని దవడ మీదికి వంగారు. ఎంతకీ తలెత్తరే! చివరికి ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు.

"విరిగితే గరుగ్గా ఉండాలి కదా. దీని అడుగు చూడు, ఎంత నున్నగా ఉందో. ఇది పాలపన్నమ్మా! ఇవాళో రేపో ఊడుతుందనగా ఆ జంతువు చచ్చిపోయింది. ఇదిగో, కింద అసలు పన్ను వచ్చేసింది. దీంతో ఒక్క గడ్డిపోచ కూడా నమల్లేదు, అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. మనం చూసిన అరుగుదల పాలపళ్లది. ముసలిదేంటి, కుర్రది!"

చూశాను. ఆ గుంటలో కొత్త పన్ను మడతలు మడతలుగా, అరుగుదలన్నదే లేకుండా ఉంది. హమ్మయ్య! స్టూలు మీద కూలబడ్డాను. చెల్లి ఏడుస్తూనే నవ్వుతోంది.

"చిన్న గీతైనా పడకుండా తీశావు," అన్నారు మేడమ్ నాతో. "మంచి పనితనం."

"అయ్యో, నేను కాదు మేడమ్! తీసింది మా చెల్లి!"

ఆవిడ కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. "మరి ఇందాక నువ్వేనన్నావుగా?"

"అప్పుడు విరిగిందనుకున్నాను మేడమ్."

ఆవిడ చెల్లి వైపు తిరిగారు.

"పై దవడ ఇంకా రాతిలోనే ఉంది. అది కూడా నువ్వే తియ్యి."