తీగ పీకే చెయ్యి

పొద్దుటి నుంచి ఆమె కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. కుర్చీలో ఒక నిమిషం, కిటికీ దగ్గర అర నిమిషం. నీటి పంపుల కంట్రోల్ గదిలో కంప్యూటరు ఈ నెలలో నాలుగుసార్లు ఉన్నట్టుండి చచ్చింది. పంపులు ఆగాయి, ఇళ్ళకు నీళ్ళు ఆగాయి. ఆ కంప్యూటరును లోపల్నుంచి నడిపే మూల ప్రోగ్రామ్, అంటే కెర్నెల్‌లో, తెరా కీబోర్డూ ఉండే టెర్మినళ్ళను చూసుకునే భాగం రాసింది ఆమే. టెర్మినల్‌ని కంప్యూటరుకు కలిపే సీరియల్ తీగ మీద ఏ టెర్మినల్ వచ్చింది, ఏది పోయింది, ఏ అక్షరం ఎవరికి చేరాలి, అంతా ఆ భాగం పనే.

టెర్మినల్ ముందు కూర్చునే ఆపరేటరు ఆమెకు సొంత బాబాయి. అక్కడే వచ్చింది చిక్కు. కంప్యూటరు చచ్చిందల్లా ఆయన డ్యూటీలోనే. చుట్టరికం చూసి కాపాడిందంటారేమోనన్న భయంతో కిందటి వారం ఆదరాబాదరాగా రిపోర్టు రాసిపడేసింది: కోడ్‌లో లోపం లేదు, ఆపరేటరుదే పొరపాటు. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అని ఊరికే అన్నారా? నాలుగు గంటలకు మీటింగు. బాబాయిని పనిలోంచి తీసెయ్యడానికేనని ఆఫీసంతటికీ తెలుసు.

రిపోర్టుకు ముందు ఆమె రెండు వందల సార్లు పరీక్షించిన మాట నిజమే. ప్రతిసారీ పద్ధతిగా లాగౌట్ అయి, ఆ తర్వాతే తీగ పీకింది. కంప్యూటరు కిక్కురుమనలేదు. అయినా మనసు నిలవక, రెండున్నరకు గబగబా కంట్రోల్ గదికి పోయి బాబాయి పక్కన స్టూలు వేసుకుంది.

ఆయన పలకరించాడు గాని రిపోర్టు ఊసెత్తలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని పంపుల అంకెలు చూసి రాసుకున్నాడు. కాసేపటికి మంచినీళ్ళకని లేస్తూ, తెర మీద అంకెలు నడుస్తుండగానే, టెర్మినల్ వెనక్కి చెయ్యి పోనిచ్చి తీగ పీకేశాడు.

"అదేంటి బాబాయ్?"

"ఎప్పుడూ చేసేదేనమ్మా. ఒకసారి నేను లేనప్పుడు ఎవరిదో మోచెయ్యి కీబోర్డుకు తగిలి పంపు ఆగింది. అప్పట్నుంచి పీకే వెళ్తున్నా."

లాగౌట్ కాకుండా తీగ పీకడం ఆమె ఒక్కసారీ పరీక్షించలేదు. పంపుల్ని కంప్యూటరు లేకుండా చేత్తో నడిపే మాన్యువల్‌లోకి మార్పించి, తీగ పెట్టి పీకమంది, మళ్ళీ పెట్టి పీకమంది. పంతొమ్మిదోసారికి కంప్యూటరు చచ్చింది.

తీగ ఊడగానే ఆమె కోడ్ ఆ టెర్మినల్ మెమరీని పారేస్తోంది. అదే క్షణాన ఇంకో ప్రోగ్రామ్ అందులోంచి చదువుతోందేమోనని చూసుకోవడం లేదు. తింటున్నవాడి ముందు నుంచి కంచం లాగేసినట్టు. రోజూ పీకినా, సరిగ్గా ఆ క్షణాన పడ్డప్పుడే చస్తోంది.

"తప్పు నాది బాబాయ్," అంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

ఆయన జేబులోంచి మడత కాగితం తీశాడు. తప్పు నాదే, క్షమించండి అని రాసి సంతకం పెట్టి ఉంది.

"నేనేం చేశానో నాకే అంతుపట్టలేదు. కానీ నువ్వు రాశావంటే నిజమే అయ్యుంటుందనుకున్నా."

ఆమెకు ఏడుపు ఆగలేదు. ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి, జరిగింది రాసి, కింద తన సంతకం పెట్టింది. నాలుగు కావడానికి ఇంకా పావుగంట ఉంది. అయినా వెళ్ళి, ఇంకా ఎవరూ రాని మీటింగు గదిలో కదలకుండా కూర్చుంది.