అందరం అనుకున్నది

"దానికి పరీక్షలు, వంటింటి వైపు రానివ్వకు," అంది అత్తయ్య, ఇంకో ఆకుకూర కట్ట నా ముందు పడేస్తూ. అది అంటే నా తోటికోడలు. ఆకులు తుంచుతూ ఆమె గది తలుపు వైపే చూస్తున్నాను. మూసి ఉన్న ఆ తలుపంటే నాకెంత కుళ్లో చెప్పలేను. పెళ్లయ్యాక నేను మూసుకున్నది స్నానాలగది తలుపొక్కటే. అక్కడా బయటి నుంచి ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు.

పరీక్షలకని క్లాసులు ఆపేసినప్పటి నుంచీ సాయంత్రం తనే వంటింట్లోకి వచ్చి పుస్తకం నా చేతిలో పెడుతుంది, "అడుగక్కా" అంటూ. ప్రభుత్వానికి ఎంత అధికారం ఉందో, అది ఎక్కడ ఆగాలో చెప్పే చట్టం, తొలి పాఠాలు. అన్నం ఉడుకుతుంటే నేను అడుగుతాను, తను అప్పజెబుతుంది. ఇదే సాయంత్రం కోర్సులో నేనూ చేరతానని పోయిన నెల మా ఆయనతో అన్నాను. చూద్దాంలే అన్నాడు. అందుకే పుస్తకం పట్టుకున్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

"ఒకరికి నష్టం చేసే నిర్ణయం తీసుకునే ముందు అధికారి ఏం చెయ్యాలి?"

"వాళ్ల మాట వినాలి. కారణం చెప్పాలి." గడగడా చెప్పేసింది.

నా వేలు ఆ పేజీ మీదే ఉండిపోయింది. నా ఉద్యోగం మాన్పించిన రోజు నేను ఇదే పొయ్యి దగ్గర టీ కాస్తున్నాను. కప్పులు పట్టుకుని హాల్లోకి వెళ్లేసరికి అంతా అయిపోయింది. "అందరం అనుకున్నాం, పిల్లాడు కాస్త పెద్దయ్యేదాకా మానెయ్" అన్నాడు మా ఆయన. పిల్లాడికి ఇప్పుడు మీసాలొచ్చాయి. ఆ రోజు తల ఊపిన మామయ్య, ఆఫీసులో నోటీసివ్వకుండా ప్యూన్ని కూడా బదిలీ చెయ్యలేదని ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటారు.

అంతలో మా ఆయన గుమ్మంలోకి వచ్చాడు. నా తోటికోడలు పై కోర్సులో కూడా చేరుతుందట, సాయంత్రం వంట ఇక పూర్తిగా నాదేనట.

"ఎవరనుకున్నారు?"

"అందరం అనుకున్నాం."

తోటికోడలి వైపు చూశాను. ఇప్పుడే పాఠం అప్పజెప్పిన మనిషి, ఒక్క మాటైనా అంటుందనుకున్నాను. నా చేతిలోంచి పుస్తకం మెల్లగా తీసుకుని తల దించుకుంది. తనని కోప్పడాలనిపించలేదు. తనకి దొరికిన సాయంత్రాలు నాకూ కావాలి, అంతే. ఇంత కుళ్లుకున్నందుకు మొదటిసారి నాకు సిగ్గనిపించలేదు.

పొయ్యి ఆపేశాను. అన్నం ఇంకా పలుకుగానే ఉంది. వంటింటి పీట చంకలో పెట్టుకుని హాల్లోకి నడిచాను. మామయ్య, అత్తయ్య, మరిది టీవీ చూస్తున్నారు. వాళ్లకీ టీవీకీ మధ్య పీట వేసుకుని కూర్చున్నాను. వెనకే మా ఆయనా వచ్చాడు.

"ఇప్పుడు అందరం ఉన్నాం మామయ్యా," అన్నాను. "మొదటి నుంచి అనుకుందాం."